చిన్న హాస్పిస్ మంచిదో కాదో చేర్చే ముందే తెలుసుకోవడం ఎలా

“ఇక చేయగలిగిందేం లేదు, ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి” అని పెద్దాసుపత్రిలో చెప్పేశాక కుటుంబాలు నన్ను అడిగేది దాదాపు ఒకటే. “ఫలానా కాలనీలో పది పడకల హాస్పిస్ ఒకటుందంట. అమ్మను అక్కడ పెట్టొచ్చా? బాగా చూస్తారో లేదో మాకెలా తెలుస్తుంది?” ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

పెద్దాసుపత్రికి పేరుంటుంది, గుర్తింపులుంటాయి, ఆన్‌లైన్‌లో వందల రివ్యూలుంటాయి. చిన్న హాస్పిస్‌కు, అంటే నయంకాని జబ్బుతో చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే చోటుకు, అవేవీ పెద్దగా ఉండవు. ఒక డాక్టరు, నలుగురైదుగురు సిస్టర్లు, ఇద్దరు ముగ్గురు ఆయమ్మలు, ఒక అద్దె బిల్డింగ్, అంతే. అలాంటిచోట కన్నతల్లిలా చూసుకునేవాళ్లున్నారు. ఖాళీ గదుల్లో మంచాలు వేసి బోర్డు తగిలించినవాళ్లూ ఉన్నారు. పగలు పదకొండింటికి వెళ్లి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా రాత్రిపూట బయటపడుతుంది. రాత్రి రెండింటికి మీ నాన్నకు నొప్పి మొదలైతే ఎవరు లేస్తారు, ఏ మందు ఇస్తారు, ఎంతసేపట్లో ఇస్తారు? ఈ మూడింటికి గట్టి జవాబు దొరికితే మిగతావి చాలావరకు తేలిపోతాయి. కింద రాసినవన్నీ ఆ జవాబు రాబట్టడానికే.

ఇక్కడ రాసింది ఎక్కువగా హైదరాబాద్‌నూ, రెండు తెలుగు రాష్ట్రాల ఊళ్లనూ దృష్టిలో పెట్టుకుని.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, చివరి స్కాన్ రిపోర్టు. జిరాక్సులు తీయించండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.
- ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా. ఏది ఎన్నింటికి వేస్తున్నారో కూడా రాయండి.
- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకుంటే అవతలివాళ్లు రికార్డ్ చేస్తున్నారేమో అనుకుని బిగుసుకుపోతారు.
- మీతో ఇంకొక మనిషి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు చుట్టూ చూడాలి. బాగా దుఃఖంలో ఉన్నవాళ్లు ఒంటరిగా వెళ్తే సగం మాటలు చెవికెక్కవు.
- పేషెంట్ ఇష్టం. “నన్ను ఇంట్లోంచి పంపకండి” అన్నారా? “మీకు భారం కాను, ఎక్కడైనా సరే” అన్నారా? అడగకుండా మొదలుపెట్టకండి.

ఒక జాగ్రత్త. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు తొందరలో “డాక్టర్ల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం” అని సంతకం పెట్టేస్తుంటారు. దాన్నే లామా అంటారు. వీలైనంతవరకు ఆ కాగితం మీద సంతకం చేయకండి. జబ్బు ఏ దశలో ఉందో, ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్, అంటే జబ్బును నయం చేయడానికి కాక బాధ తగ్గించడానికి చేసే వైద్యం) కోసం పంపుతున్నామని స్పష్టంగా రాసిన డిశ్చార్జ్ సమ్మరీ అడిగి తీసుకోండి. హాస్పిస్‌లో మొదటిరోజు మందులు మొదలుపెట్టడానికి ఆ కాగితమే ఆధారం.

1. అది హాస్పిసేనా అని తేల్చుకోండి

వృద్ధాశ్రమం, హోమ్ నర్సింగ్ ఏజెన్సీ, “అసిస్టెడ్ లివింగ్” సెంటర్ అన్నీ ఇప్పుడు బోర్డు మీద పాలియేటివ్ కేర్ అని రాసుకుంటున్నాయి. వాటిలో కొన్ని మంచివే కావచ్చు, కానీ పని వేరు. వృద్ధాశ్రమంలో అన్నం పెడతారు, స్నానం చేయిస్తారు. హాస్పిస్‌లో వాటితోపాటు నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్రలేమి, భయం వంటి వాటికి వైద్యం చేయాలి.

ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు వేయండి. “మీ దగ్గర పాలియేటివ్ కేర్‌లో ట్రైనింగ్ అయిన డాక్టర్ ఎవరు, వారానికి ఎన్ని రోజులు వస్తారు?” “క్యాన్సర్ పుండు కారుతుంటే మీరే డ్రెస్సింగ్ చేస్తారా, బయటికి పంపుతారా?” మొదటి ప్రశ్నకు పేరు చెప్పకుండా “డాక్టర్లు వస్తూ పోతూ ఉంటారండీ” అంటే అది ఆశ్రమం. మీకు ఆశ్రమమే కావాలంటే సరే. నొప్పితో ఉన్న మనిషికి మాత్రం అది చాలదు.

2. కాగితాలు చూడండి

ఇది పది నిమిషాల పని, మొహమాటపడకండి.

ప్రైవేటు వైద్య సంస్థ ఏదైనా జిల్లా వైద్య ఆరోగ్యశాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ సర్టిఫికెట్ గోడకు కనిపించాలి. తేదీ చూడండి. డాక్టర్ పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ రాసుకుని, ఇంటికొచ్చాక నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ పేరు వెతకండి. సిస్టర్లలో జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివినవాళ్లు ఎందరో అడగండి. యూనిఫాం వేసుకున్న ప్రతివాళ్లూ నర్సులు కారు. కేర్‌టేకర్‌కు కూడా తెల్లకోటు వేసే చోట్లున్నాయి.

డాక్టరూ, కనీసం ఒక సిస్టరూ పాలియేటివ్ కేర్‌లో ఎక్కడ ట్రైనింగ్ అయ్యారో అడగండి. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. తిరువనంతపురంలోని పాలియం ఇండియా, మన హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ట్రైనింగ్ ఇస్తాయి. అలాంటిచోట నేర్చుకున్నవాళ్లు ఆ సంగతి సంతోషంగా చెబుతారు. అడిగితే చిరాకుపడ్డారంటే దాన్నే జవాబుగా తీసుకోండి.

ట్రస్టు పేరుతో నడిపేవాళ్లైతే విరాళాలకు రసీదు ఇస్తారో లేదో చూడండి. నాణ్యతకు ఇది నేరుగా సంబంధం లేని విషయమే, అయినా లెక్కలు సరిగ్గా ఉన్నచోట మందుల లెక్క కూడా సరిగ్గా ఉండటం నేను గమనించాను.

3. మార్ఫిన్ గురించి అడగండి

ఇన్ని ప్రశ్నల్లో ఒక్కటే అడిగే అవకాశముంటే నేను దీన్నే అడుగుతాను. క్యాన్సర్ చివరిదశలో తీవ్రమైన నొప్పికి ప్రధానమైన మందు నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్. ఖరీదైనదేం కాదు. అయినా చాలాచోట్ల దొరకదు. మాదకద్రవ్యాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వల్ల దశాబ్దాలపాటు ఆసుపత్రులు దాన్ని ముట్టుకోవడానికే భయపడ్డాయి. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్ లాంటి కొన్ని మందులను అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించారు. ఇప్పుడు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ విభాగం నుంచి ‘గుర్తింపు పొందిన వైద్య సంస్థ’గా ఒక అనుమతి తీసుకుంటే చాలు, మార్ఫిన్ నిల్వ పెట్టుకోవచ్చు. ఈ రంగంలో ఉన్నవాళ్లు దాన్ని ఆర్‌ఎంఐ అంటారు. మీరూ ఆ మాటే వాడండి. వినగానే అవతలివాళ్లకు అర్థమయిందా లేదా అన్నది కూడా ఒక పరీక్షే.

వరసగా ఇలా అడగండి:

“మీకు ఆర్‌ఎంఐ ఉందా? మార్ఫిన్ మాత్రలు ఈరోజు స్టాకులో ఉన్నాయా?” ఉంటే బీరువాకు తాళం, పక్కన స్టాకు రిజిస్టర్ ఉంటాయి. రిజిస్టర్ లోపలి పేజీలు మీకు చూపించనక్కర్లేదు, వాటిలో వేరే పేషెంట్ల పేర్లుంటాయి. రిజిస్టర్ ఉందా లేదా అన్నది చూస్తే చాలు.

“ఎన్ని గంటలకోసారి ఇస్తారు?” మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. అందుకే ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అనే వరస చాలాచోట్ల కనిపిస్తుంది. అర్ధరాత్రి లేపకుండా ఉండటానికి రాత్రి పదింటి డోసు రెట్టింపు ఇస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు, బాగా వయసు మళ్లినవాళ్లకు డాక్టర్లు ఈ వరస మారుస్తారు. “నొప్పి వచ్చినప్పుడు ఇస్తాం” అని మాత్రమే అంటే పని తెలియనట్టే. నొప్పి రాకముందే వేళకు వేయాలి.

“మధ్యలో నొప్పి వస్తే?” వేళకు ఇచ్చేది కాక, మధ్యలో పొడుచుకొచ్చే నొప్పికి అదనపు డోసు ఎంతో డాక్టర్ ముందే కేస్ షీట్‌లో రాసి ఉండాలి. అప్పుడే రాత్రి డ్యూటీ సిస్టర్ ఎవరికీ ఫోన్ చేయకుండా వెంటనే ఇవ్వగలదు. “డాక్టర్‌గారికి ఫోన్ చేసి కనుక్కుంటాం” అనే జవాబుకు అర్థం, డాక్టర్ నిద్ర లేచేదాకా మీ అమ్మ ఓర్చుకోవాలని.

“మలబద్ధకానికి ఏం ఇస్తారు?” మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం మందు కూడా మొదలుపెట్టాలి. ఈ ప్రశ్నకు సిస్టర్ తడుముకోకుండా జవాబు చెబితే అక్కడ మార్ఫిన్ నిజంగా వాడుతున్నారని నమ్మొచ్చు.

ఆర్‌ఎంఐ అనుమతి లేని ప్రతి చిన్న హాస్పిస్ చెడ్డదేనని తీర్మానించకండి. కొన్ని చోట్ల దగ్గర్లోని పెద్ద ఆసుపత్రితో ఏర్పాటుంటుంది. పేషెంట్ పేరు మీద అక్కణ్నుంచి మార్ఫిన్ తెచ్చిపెడతారు. అప్పుడు “ఎవరు తెస్తారు, ఎన్ని రోజులకు సరిపడా తెస్తారు, శనివారం రాత్రి అయిపోతే ఏం చేస్తారు?” అని అడగండి. జవాబు సూటిగా ఉంటే సరే. “అంత నొప్పి ఎవరికీ రాదండీ, ట్రమడాల్ చాలు” అంటే (అది మార్ఫిన్ కంటే తక్కువ బలమున్న నొప్పి మందు) అక్కణ్నుంచి వచ్చేయండి.

ఇంకో మాట. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు “మార్ఫిన్ ఇస్తే తొందరగా పోతారు, అలవాటైపోతుంది” అంటారు. సరైన మోతాదులో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుకుంటూ పోతే అది ప్రాణం తీయదు. మొదటి రెండు మూడు రోజులు మత్తు, వికారం ఉండొచ్చు, చాలామందికి తర్వాత తగ్గుతాయి. మీ ఇంట్లో ఈ భయముంటే హాస్పిస్ డాక్టర్‌నే ఆ పెద్దమనిషితో మాట్లాడమనండి. ఓపిగ్గా కూర్చుని చెప్పే డాక్టర్‌ను అక్కడే గుర్తుపడతారు.

4. రాత్రి లెక్క వేయండి

“మా దగ్గర ఇరవై నాలుగు గంటలూ సిస్టర్లుంటారు” అని అందరూ అంటారు. లెక్క మీరే వేయండి.

ఉదాహరణకు పన్నెండుమంది పేషెంట్లున్నారు, వాళ్లలో ఎనిమిదిమంది తమంతట తాము పక్కకు తిరగలేరు. పడక పుండ్లు రాకుండా ఉండాలంటే సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. డైపర్ చూసి, దుప్పటి ముడతలు తీసి, దిండ్లు సర్దేసరికి ఒక్కొక్కరికి పది నిమిషాలు అనుకుందాం. అంటే ప్రతి రెండు గంటల్లో ఎనభై నిమిషాలు దీనికే. పైగా ఒక్కరే తిప్పలేరు, ఇద్దరు కావాలి. రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్, ఒక ఆయమ్మ ఉంటే ఇది కష్టంగానైనా అవుతుంది. ఒక్కరే ఉంటే కాదు. మీరు వెళ్లినచోట ఎంతమందికి ఎంతమందో అడిగి, ఇలాగే లెక్క కట్టండి.

దీన్ని సరిచూసుకునే దారులు:

- రాత్రి పదిన్నరకు ఫోన్ చేయండి. ఎవరెత్తారు? సిస్టరా, వాచ్‌మనా? “రేపు అడ్మిషన్ గురించి” అని మర్యాదగా ఒక్క ప్రశ్న అడిగి పెట్టేయండి. అక్కడ పనిలో ఉన్నవాళ్లను విసిగించొద్దు.
- రెండోసారి ఆదివారం సాయంత్రమో, మామూలు రోజు రాత్రి ఏడున్నరకో వెళ్లండి. ముందు చెప్పకుండా వెళ్తే లోపలికి రానివ్వకపోవచ్చు, అది వాళ్ల హక్కు. గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు నిలబడినా చాలా తెలుస్తుంది.
- “రాత్రి డ్యూటీలో తెలుగు వచ్చినవాళ్లు ఎవరు?” అని అడగండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ “సలుపుతోంది” అంటే, మహబూబ్‌నగర్ పెద్దాయన “గుంజుతుంది” అంటే సిస్టర్‌కు అర్థం కావాలి. మంట, తిమ్మిరి, కరెంటు షాక్ కొట్టినట్టుండే నొప్పి నరానికి సంబంధించినది కావచ్చు, దానికి వేరే మందులు కలపాల్సి ఉంటుంది. భాష తెలియకపోతే ఆ తేడా డాక్టర్‌దాకా చేరదు. పాతబస్తీ కుటుంబాలైతే ఉర్దూ గురించీ ఇలాగే అడగండి.

5. కళ్లతో, ముక్కుతో చూడండి

బిల్డింగ్ అందాన్ని పట్టించుకోకండి. ఏసీలు, అక్వేరియం, పెద్ద రిసెప్షన్ ఇవేవీ పేషెంట్ నడుము కింద పుండును ఆపవు. చూడాల్సినవి చిన్నవి.

వాసన. క్యాన్సర్ పుండ్లున్నచోట కాస్త వాసన సహజం. తెలిసినవాళ్లు దాన్ని కూడా మెట్రోనిడజోల్ పొడి వంటివాటితో చాలావరకు తగ్గిస్తారు. వార్డంతా మూత్రం వాసన వస్తుంటే మాత్రం డైపర్లు వేళకు మార్చట్లేదన్నమాట.

నోరు. పెదవులు పగిలి, నాలుక మీద తెల్లగా పొర కట్టి ఉన్నారా? నోరు శుభ్రం చేయడం ఎవరూ పొగడని పని, అందుకే శ్రద్ధ లేనిచోట ముందు ఆగిపోయేది అదే. గోళ్లు, గడ్డం, తల దువ్వి ఉండటం కూడా అంతే.

చేతికందే దూరంలో నీళ్ల గ్లాసు ఉందా? బెల్ ఉందా? బెల్ గోడకుండి చెయ్యి అందకపోతే లేనట్టే.

మంచానికి చేతులు కట్టేసి ఉన్నవాళ్లు కనిపిస్తే కారణం అడగండి. “పైపులు పీకేస్తున్నారు” అనే జవాబు ఒక్కటే వస్తే, ఆ పైపులు నిజంగా అవసరమా అని కూడా అడగండి.

అందరూ పగలు పదకొండింటికి గాఢంగా నిద్రపోతున్నారా? చివరి రోజుల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా నిద్రపోవడం మామూలే. వార్డు మొత్తం అలా ఉంటే, మత్తుమందు ఎక్కువ వాడుతున్నారేమో అని అనుమానించాలి.

డ్రెస్సింగ్ చేసే చోట చెత్తడబ్బాలు చూడండి. పుండు మీది దూది, గుడ్డ పసుపు రంగు సంచిలోకి, సూదులు తెల్లటి గట్టి డబ్బాలోకి వెళ్లాలి. అన్నీ ఒకే బుట్టలో ఉంటే చేతులు కడుక్కునే అలవాటు కూడా అంతంతమాత్రమే అనుకోండి.

వంటగది దగ్గర ఒక్క మాట: “మా నాన్నకు రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం తినాలనిపిస్తే?” ఇక్కడ పత్యాలు, టైమ్‌టేబుళ్లు కఠినంగా ఉండకూడదు. ఇష్టమైంది రెండు ముద్దలు తినగలిగితే అదే గొప్ప.

6. మూడు కష్టమైన ప్రశ్నలు డాక్టర్‌నే అడగండి

మొదటిది: “నాన్నకు క్యాన్సర్ అని చెప్పలేదు. మీరూ చెప్పకుండా ఉంటారా?” మన ఇళ్లలో ఇది చాలా మామూలు కోరిక. “అలాగే, అల్సర్ అని చెబుతాం” అని వెంటనే ఒప్పుకునేవాళ్లూ, “కుదరదు, చెప్పి తీరాలి” అనేవాళ్లూ ఇద్దరూ నాకు నచ్చరు. మంచి డాక్టర్ ముందు మీ భయమేంటో అడుగుతారు. తర్వాత “ఆయన ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ఆయన్నే మెల్లగా కనుక్కుంటాను, అడగనిది మీద రుద్దను, అడిగినదానికి అబద్ధం చెప్పను” అనే అర్థం వచ్చేలా మాట్లాడతారు.

రెండోది: “తినడం మానేస్తే ఏం చేస్తారు?” ముక్కులో పైపు వేస్తాం, రోజూ సెలైన్ ఎక్కిస్తాం అన్నారంటే జాగ్రత్తపడండి. ప్రాణం పోయే దశలో శరీరం ఆహారం తీసుకోదు. బలవంతంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరగొచ్చు. కొందరికి పైపు పనికొస్తుంది, ఉదాహరణకు గొంతు క్యాన్సర్‌తో మింగలేక ఆకలితో ఉన్నవాళ్లకు. ఎవరికి ఎందుకో విడమరిచి చెప్పగలగాలి.

మూడోది: “చివరి గంటల్లో ఏం జరుగుతుంది, మీరేం చేస్తారు?” ఊపిరి తీరు మారడం, గొంతులో గురగుర, కాళ్లుచేతులు చల్లబడటం, ఇవన్నీ ముందే చెప్పాలి. గురగురకు, కంగారుకు మందులుంటాయి. కుటుంబం పక్కనే ఉండొచ్చా? తులసి తీర్థం పోయొచ్చా, ఖురాన్ చదువుకోవచ్చా, పాస్టర్‌గారిని పిలవొచ్చా? “విజిటింగ్ అవర్స్‌లోనే” అనే నియమం చివరి రోజుల్లో కూడా పాటించేచోట చేర్చకండి.

పేషెంట్ తెలివిగా ఉండి, వెంటిలేటర్ వద్దు అనే తన ఇష్టాన్ని రాసిపెట్టాలనుకుంటే దానికి చట్టంలో చోటుంది. సుప్రీంకోర్టు 2018లో అనుమతించి, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే సరిపోతుంది. హాస్పిస్‌వాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

7. డబ్బు విషయం రాతపూర్వకంగా

రోజుకు ఎంత, అందులో ఏమేం కలిసి ఉన్నాయి? మందులు, డైపర్లు, డ్రెస్సింగ్ సామాను, ఆక్సిజన్, ఎయిర్ బెడ్, అంబులెన్స్ విడివిడిగా రాయించుకోండి. అడ్వాన్స్ కట్టమంటే “మూడో రోజే ప్రాణం పోతే ఎంత వెనక్కిస్తారు?” అని అడగండి. అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. తర్వాత గొడవపడటం ఇంకా కష్టం. రోజూ రక్తపరీక్షలు, స్కాన్‌లు, “ఇమ్యూనిటీ” ఇంజెక్షన్లు బిల్లులో కనిపిస్తే అది హాస్పిస్ పద్ధతి కాదు. నయం చేస్తామని మాట ఇచ్చేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకండి.

8. ప్రాణం పోయాక ఏం చేస్తారో తెలుసుకోండి

హైదరాబాద్‌లో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. ఇంటి ఓనర్లు మృతదేహాన్ని లోపలికి తేవద్దంటారు. హాస్పిస్‌లో బంధువులు వచ్చేదాకా ఉంచుతారా, ఫ్రీజర్ ఏర్పాటు చేస్తారా, స్నానం చేయించి కర్మకాండ మొదలుపెట్టుకోవడానికి చోటిస్తారా అని ముందే కనుక్కోండి. మరణ కారణం రాసే ఫారం 4 డాక్టరే నింపి ఇవ్వాలి. రాత్రి పోతే ఎవరు సంతకం చేస్తారు? మరణాన్ని 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి. హాస్పిస్‌లో జరిగితే సమాచారం పంపే బాధ్యత వాళ్లదే, అయినా పేరు స్పెల్లింగ్, ఆధార్ నంబర్ మీరే ఒకసారి సరిచూడండి. తప్పు పడితే బ్యాంకు, పెన్షన్ పనులన్నీ ఆగిపోతాయి.

మంచి హాస్పిస్ కొన్ని వారాల తర్వాత కుటుంబానికి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతుంది. అలాంటి కుటుంబం ఒకరితో మాట్లాడించగలరా అని అడగండి. “వాళ్లను అడిగి, ఒప్పుకుంటే నంబర్ ఇస్తాం” అంటే అది సరైన జవాబు. అక్కడికక్కడే పది నంబర్లు చేతిలో పెడితే, రేపు మీ వివరాలూ అలాగే పంచుతారు.

తరచుగా జరిగే పొరపాట్లు

చాలా ఆలస్యంగా వెతకడం మొదటిది. చివరి రెండు రోజుల్లో అంబులెన్స్‌లో తీసుకొస్తే ఎంత మంచి హాస్పిస్ అయినా చేయగలిగింది కొంచెమే. నొప్పి, ఆయాసం మొదలైనప్పుడే వెళ్లి మాట్లాడి పెట్టుకోండి. చికిత్స నడుస్తున్నప్పుడు కూడా పాలియేటివ్ కేర్ ఓపీకి వెళ్లొచ్చు.

ఇంటికి దగ్గరని ఎంచుకోవడం అర్థం చేసుకోదగిందే, రోజూ వెళ్లి కూర్చోవడం పేషెంట్‌కు పెద్ద బలం. కానీ మార్ఫిన్ లేని దగ్గరకంటే, మార్ఫిన్ ఉన్న పది కిలోమీటర్ల దూరం నయం.

గూగుల్ రివ్యూలు చూసి నిర్ణయించడం ఇంకొకటి. తల్లిని పోగొట్టుకున్నవాళ్లు రివ్యూలు రాయరు. రాసినా దుఃఖంలోంచో కృతజ్ఞతలోంచో రాస్తారు.

విదేశాల్లో ఉండే పిల్లలు వీడియో కాల్‌లో మేనేజర్ చూపించిన గది చూసి డబ్బు పంపేస్తుంటారు. మీరు అమెరికాలో ఉంటే ఇక్కడి ఎవరో ఒక మనిషిని, పిన్నిగారినో స్నేహితుణ్నో, ఈ జాబితా ఇచ్చి పంపండి. సంతకాలు, నిర్ణయాలు ఎవరివో హాస్పిస్‌కు రాసివ్వండి. ముగ్గురు పిల్లలు మూడు దేశాల నుంచి మూడు మాటలు చెబితే రాత్రి డ్యూటీ సిస్టర్ ఏమీ చేయలేక ఆగిపోతుంది.

9. చేర్చాక మొదటి మూడు రోజులు ఇలా సరిచూడండి

నోట్‌బుక్‌లో ఉదయం, రాత్రి రాయండి. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత? రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది? విరేచనం అయిందా? మడమలు, నడుము కింద, తుంటి దగ్గర చర్మం ఎర్రబడిందా? నోరు తడిగా ఉందా? మాట్లాడలేనివాళ్లైతే నుదురు ముడతలు, మూలుగు, పక్క మార్చేటప్పుడు ముఖం చూడండి.

మొదట రాత్రి నిద్ర రావాలి. తర్వాత కదలకుండా ఉన్నప్పుడు నొప్పి తగ్గాలి. కదిలినప్పుడు కూడా తగ్గడం చివరిగా, ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి పూర్తిగా రాదు. మూడో రోజుకీ రాత్రి నిద్రే లేకపోతే డాక్టర్‌తో కూర్చుని “డోసు ఎప్పుడు మార్చారు, తర్వాతి ప్లాన్ ఏంటి?” అని అడగండి. కేస్ షీట్‌లో నొప్పి అంకె రోజూ రాస్తున్నారో చూపించమనండి. మీ నోట్‌బుక్‌లో ఎనిమిది ఉండి వాళ్ల షీట్‌లో రోజూ రెండు ఉంటే, అడగకుండానే రాస్తున్నారు.

లోపం కనిపిస్తే అరవకండి. ముందు సిస్టర్ ఇన్‌చార్జ్‌కు, తర్వాత డాక్టర్‌కు, ఏ రోజు ఏం జరిగిందో తేదీతో చెప్పండి. చిన్న సంస్థల్లో మంచివాళ్లు వెంటనే సరిచేస్తారు. రెండుసార్లు చెప్పినా మార్ఫిన్ వేళకు అందకపోతే, పడక పుండు కొత్తగా వస్తే, మందులతో సహా డిశ్చార్జ్ సమ్మరీ తీసుకుని మార్చేయండి. వారం రోజులే మిగిలాయని తెలిసినా ఆ వారం రోజులకు విలువుంది.

మంచి చోటు దొరక్కపోతే

హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్, పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ నడిపే కుముదినీ దేవి హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తున్నాయి. పడక ఖాళీ లేదన్నా, ఇంటికి వచ్చి చూసే టీమ్ ఉందేమో అడగండి. తెలంగాణలో చాలా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, ‘ఆలన’ వాహనాల్లో సిబ్బంది ఇళ్లకూ వస్తారు. ఉత్తరాంధ్రవాళ్లు విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగొచ్చు. మిగతా ఊళ్లవాళ్లు పాలియం ఇండియా వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీ జాబితా చూడండి.

ఇంట్లోనే చూసుకోవాలనుకుంటే నాలుగు ఏర్పాట్లు ముందుగా చేసుకోండి: మార్ఫిన్ రాసి ఇచ్చే కేంద్రం, వారానికోసారైనా వచ్చే సిస్టర్, రాత్రి ఫోన్ ఎత్తే ఒక నంబర్, ఇంట్లో మరణం సంభవిస్తే ఫారం 4కు బదులు వాడే ఫారం 4ఎ మీద సంతకం చేయడానికి ఒప్పుకున్న డాక్టర్. నాలుగోది చాలామంది మర్చిపోతారు. జబ్బు సంగతి తెలిసిన డాక్టర్‌తో ఆ మాట ఈ వారంలోనే అనుకోండి, రిపోర్టుల జిరాక్సు సెట్ ఒకటి ఆయన దగ్గర ఉంచండి.